మా ఆయన క్లారినెట్టు, వదిన బస్సు

మా ఆయన క్లారినెట్ వాయిస్తాడన్న సంగతి ఈ బరంపురంలో మా ఇంటి అటకకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. అటక ఎవరికీ చెప్పదు. నేను చెబుతాను గానీ ఎవరూ నమ్మరు. ఎందుకంటే నేను చాలా చెబుతాను. రంభ ఊరి దగ్గర పడవలోంచి నా చెప్పు చిలికా సరస్సులో పడిపోతే ఒక డాల్ఫిను దాన్ని ముక్కుమీద పెట్టుకుని తెచ్చి ఇచ్చిందని ఆఫీసులో చెప్పాను. అంతవరకూ బాగానే విన్నారు. రెండో చెప్పు ఏదని అది అడిగిందన్నాక లేచి ఎవరి సీట్లకు వాళ్ళు వెళ్ళిపోయారు.

కానీ క్లారినెట్టు మాట నిజం. ఆయనది గోసాని నువాగాం. చిన్నతనంలో పక్కింట్లో ఒక బ్యాండు మాస్టరు ఉండేవాడట. గోడ మీద కూర్చుని చూసీ చూసీ ఈయన నేర్చేసుకున్నాడు. తల్లి లేని పిల్లాడు. పెంచింది అక్క. ఈయన ‘అప్ప’ అంటాడు, నాకు వదిన. బడిలో గుమాస్తా ఉద్యోగం వచ్చిన రోజున ఆవిడ క్లారినెట్టును తన పాత చీరలో చుట్టి అటక మీద పెట్టేసింది. “రిజిస్టర్లు రాసీ సేతుల్తో పెళ్ళి బ్యాండు వాయిస్తావేట్రా?” అందట. ఈయన ఎదురు చెప్పలేదు. ఈయన ఎవరికీ ఎదురు చెప్పడు. నాకు కూడా చెప్పడు, అదే నా బాధ.

పెళ్ళయ్యాక ఒక ఆదివారం మధ్యాహ్నం స్నానాలగదిలోంచి ఎవరో ముక్కు మూసుకుని ఏడుస్తున్నట్టు వినిపించింది. తలుపు తోశాను. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, క్లారినెట్టు కింది మూతిలో తువ్వాలు కుక్కి వాయించుకుంటున్నాడు. ఇన్నేళ్ళూ నేను విన్నది ఆ తువ్వాలు కుక్కిన పాటే. తువ్వాలు తీసి వాయించమంటే, “వీధిలోకి ఇనబడితే అప్పకి తెలిసిపోద్ది,” అనేవాడు. అప్ప ఉండేది ఛత్రపురంలో. క్లారినెట్టు ఎంత గట్టిగా ఊదినా అక్కడికి వినబడదని చెప్పాను. “నీకు తెల్దు,” అన్నాడు. తువ్వాలు మళ్ళీ కుక్కుకుంటూ, “ఒక్కసారి అప్ప కూకొని ఇంటే సాలు,” అన్నాడు.

ఆయన నన్ను ఏదైనా కోరాడంటే అదొక్కటే. చీరలూ నగలూ అడిగే మొగుడైనా బాగుండేది, కొనిచ్చేసి ఊరుకునేదాన్ని.

వదినకు దొరలంటే గౌరవం. దొరల కాలంలో పాలు చిక్కగా ఉండేవనీ, రైళ్ళు టైముకు వచ్చేవనీ, దోమలు కూడా పద్ధతిగా కుట్టేవనీ ఆవిడ నమ్మకం. పోయిన శీతాకాలం ఫోనులో ఏదో చూస్తుంటే వందేళ్ళనాటి జాజ్ పార్టీలు కనిపించాయి. పూసల గౌన్లు, తలకు పట్టీ, పట్టీలో ఈక, మోకాళ్ళు లోపలికీ బయటికీ తిప్పుతూ డాన్సు. వెనకాల నల్లకోట్ల బ్యాండు. బ్యాండులో అందరికంటే ముందు నిలబడినవాడి చేతిలో ఏముంది? క్లారినెట్టు! అతను ఊదడం ఆపగానే జనం లేచి చప్పట్లు కొడుతున్నారు. నాకు వెంటనే వెలిగింది. బ్యాండువాడి క్లారినెట్టును వదిన ఎలాగూ ఇంట్లోకి రానివ్వదు. దానికి కోటు తొడిగి, దొరని చేసి కూర్చోబెడితే?

నా యాభయ్యో పుట్టినరోజు వంక దొరికింది. గోసాని నువాగాంలోనే చిన్న ఫంక్షన్ హాలు మాట్లాడాను. ‘దొరల కాలం పార్టీ’ అని అందరికీ వాట్సాప్‌లో పెట్టాను. ముందు సంగీతం, తరవాత డాన్సు, ఆ తరవాత మా ఆయన క్లారినెట్టు (ఇదొక్కటీ వాట్సాప్‌లో రాయలేదు), చిట్టచివర భోజనం. ఈ వరస గుర్తుపెట్టుకోండి. నేను తప్ప ఆ రోజు ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

వదిన మనసు మెత్తబడాలని ముందుగా ఫోనులో ఒక కథ వదిలాను.

“వొదినా, మీ తాతగారి సంగతి మీకు తెలీదేటి? రంభలో సరస్సు ఒడ్డున దొరల బంగళా ఉండేదా? వెన్నెల రాత్రి పడవలో దొరలూ దొరసానులూ డాన్సు చేసేవారంట. క్లారినెట్టు మాత్రం మీ తాతగారిదేనంట. ఆయన ఊదితే రొయ్యలు నీళ్ళలోంచి లేచి వరసగా నిలబడేవంట.”



“మా తాత తాసీల్దారు కచేరీలో పన్జేసీవోడు కదే?”

“పగలండీ. సాయంత్రాలు పడవలో.”

“ఊఁ,” అంది వదిన.

వారం తిరగకుండా ఆ కథ నాకే తిరిగి వచ్చింది, ఛత్రపురం నుంచి ఇచ్ఛాపురం బంధువుల మీదుగా. అందులో తాతగారు పేము కుర్చీలో కూర్చున్నాడు. వాయిస్తున్నది దొరలు. తాతగారు వేలు ఎత్తి “సాలు” అంటే ఆపేస్తున్నారు. నేను కంగారుగా ఫోను చేస్తే వదిన, “మనోళ్ళు వాయించడవేటే? మనోళ్ళు ఇనీవోళ్ళు,” అంది. నా కథను నా కళ్ళముందే ఎత్తుకుపోయి, నాకే అడ్డంగా నిలబెట్టింది.

సరే, వాయించేవాళ్ళు కావాలి. విశాఖలో ఒకరిని అడిగితే జాజ్‌కి కావలసినవన్నీ ఒక్క కీబోర్డులోనే ఉన్నాయన్నాడు. భువనేశ్వర్‌లో ఇంకొకరు ఫోనే ఎత్తలేదు. చివరికి మా బజారులోనే ఉన్న పెళ్ళి బ్యాండు కొట్టుకు వెళ్ళాను. బాకాలున్నాయి, డ్రమ్ములున్నాయి, ఎర్రకోట్లున్నాయి. నల్లకోట్లు నేను అద్దెకు తెస్తే సరిపోతుంది కదా! మాస్టరు పెద్దమనిషి, తెలుగూ ఒడియా కలిపి మాట్లాడతాడు.

“ఎవుల్ని తేవాల మేడమ్?” అన్నాడు.

“ఎవర్నీ తేనక్కర్లేదు. హాల్లో వాయించాలి.”

“పెళ్ళికొడుకు?”

“లేడు.”

“దేవుడు?”

“దేవుడూ లేడు. నా పుట్టినరోజు.”

“హఉ,” అని ఒడియాలో అవునంటూ తలాడించాడు. “అయితే మిమ్మల్ని తెస్తాం.”

మర్యాదకు అన్నాడనుకున్నాను.

“మేం ఒక్కచోట నిలబడి వాయించీవోళ్ళం కాదు మేడమ్,” అని కూడా అన్నాడు, పాపం. కుర్చీలు అడుగుతున్నాడనుకుని, “మంచి కుర్చీలు వేయిస్తాను లెండి,” అన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. ఆ చూపు అర్థమై ఉంటే ఇది రాయవలసిన పని ఉండేది కాదు.

ఇక నా వేషం. పూసల గౌనూ ఈకా ఎక్కడ దొరుకుతాయి? మా ఊరి అమ్మవారు ఠాకురాణి జాతరకు మొక్కుకున్నవాళ్ళు వేషాలు కడతారు కదా, ఆ వేషాలు కుట్టే కొట్టుకు వెళ్ళి ఫోనులో బొమ్మ చూపించాను. అతను చాలాసేపు చూసి, “ఏ వేషం ఇది?” అన్నాడు. “దొరసాని,” అన్నాను. “అయ్యుంటాది,” అని కుట్టాడు. పూసలు బాగా కుట్టాడు. ఈక మాత్రం నా చెయ్యంత పొడుగు పెట్టాడు. తగ్గించమంటే, దూరం నుంచి కనబడాలి కదా అన్నాడు.

ఆ సాయంత్రం వచ్చినవాళ్ళు ఎప్పటిలాగే ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు కూర్చున్నారు. మధ్యలో నేను డాన్సుకని వదిలిన ఖాళీలో ఎవరి పిల్లో బెలూను తన్నుకుంటోంది. దొరల కాలం దుస్తులు వేసుకుంటామని ఒట్టేసిన నా ఆఫీసు స్నేహితురాళ్ళు ఇద్దరూ బరంపురం పట్టుచీరల్లో వచ్చి, ఒళ్ళో సంచులు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు.

“గౌన్లేవే?” అన్నాను.

“లోపల ఏసుకున్నాం అనుకో,” అంది ఒకామె.

వదిన ముందు వరసలో మధ్య కుర్చీ. మా ఆయన మగవాళ్ళవైపు పోకుండా ఆవిడ వెనక వరసలోనే, పెళ్ళినాటి కోటు బొత్తాలు పట్టక విప్పుకుని, కుర్చీ కింద క్లారినెట్టు పెట్టె దాచుకుని కూర్చున్నాడు. క్లారినెట్టు ఊదేచోట బిగించే రెల్లుముక్క, రీడు, నోట్లో పెట్టుకుని తడుపుకుంటున్నాడు. “ఏట్రా నములుతన్నావు?” అంది వదిన. “సోంపు,” అన్నాడు.

బ్యాండు గేటు బయట ఆగిపోయింది. లోపలికి రమ్మంటే రారు. గేటు దాకా తీసుకురావడమే వాళ్ళ పని, తీసుకురావడానికి మనిషి కావాలి. “మీరు రోడ్డు మీదకి రండి మేడమ్, తెస్తాం,” అన్నాడు మాస్టరు. వెళ్ళాను. అద్దె నల్లకోట్లు చంకలో పెట్టుకుని, ఎర్రకోట్లలోనే నిలబడి ఉన్నారు. దీపాలు మోసే ఆడవాళ్ళు అటూ ఇటూ నిలబడ్డారు, వెనకాల జనరేటరు బండి. నన్ను మధ్యలో పెట్టి ఊదుకుంటూ హాల్లోకి తెచ్చారు.

దీపాల మధ్య, డ్రమ్ముల మోతతో, పూసల గౌనులో, నెత్తిన చెయ్యంత ఈకతో వస్తున్న మనిషిని చూసి మా వాళ్ళు ఏమనుకుంటారు? ఇంకెక్కడైనా ఏమనుకుంటారో గానీ, బరంపురంలో ఒకటే అనుకుంటారు. హాలంతా లేచి నిలబడింది. పెద్దవాళ్ళు చేతులు జోడించారు. చివర కూర్చున్న ఒక ముసలమ్మ వచ్చి నా పాదాలు తాకి, మనవడి పరీక్ష చూడమని అడిగింది.

“అమ్మోరికి మొక్కుకున్నావేటే?” అంది వదిన, కళ్ళు తుడుచుకుంటూ. “నాతో ఒక్క ముక్క సెప్పలేదేటి?”

“మొక్కు కాదు వొదినా, దొరసాని!”

“తప్పు. ఏషం కట్టినాక అలగనకూడదు.”

ఇంక నేను మోకాళ్ళు తిప్పితే ఎవరైనా కలిసి తిప్పుతారా? తిప్పాను. చేతులు జోడించి చూశారు. స్నేహితురాళ్ళ వైపు చెయ్యి చాపితే, వాళ్ళు ఆ చెయ్యి కళ్ళకద్దుకున్నారు.

పోనీ సంగీతమైనా సాగించాలని, “ఇక్కడే నిలబడి వాయించండి,” అన్నాను మాస్టరుతో. నిలబడ్డారు. పంపు కట్టేసినట్టు సంగీతం ఆగిపోయింది.

“కాలాగితే సెయ్యాగిపోద్ది మేడమ్,” అన్నాడు.

ప్రయత్నించమని బతిమాలాను. ప్రయత్నించారు. డ్రమ్ము ఒకచోట ఉంది, బాకా ఇంకోచోట ఉంది, రెండూ కలుసుకోలేదు. ఏళ్ళ తరబడి అడుగు మీద అడుగేసి వాయించినవాళ్ళు, తాళం కాళ్ళలో ఉంది. “అయితే ఉన్నచోటే కాళ్ళు కదపండి,” అన్నాను, నా తెలివికి నేనే మెచ్చుకుంటూ. అది బాగానే కుదిరింది. పాట అందుకుంది. కానీ ఉన్నచోట కదిలే కాళ్ళు ఉన్నచోట ఉండవు. కొంచెం కొంచెంగా ముందుకు జరిగారు. డాన్సు ఖాళీ దాటారు. కుర్చీలు దాటారు. బ్యాండు కదిలితే వెనక నడవడం మా వాళ్ళకు పుట్టుకతో వచ్చిన అలవాటు, కాబట్టి హాలంతా లేచి బ్యాండు వెనక నడిచింది. ఆ పాట పూర్తయ్యేసరికి అందరూ భోజనాల గదిలో ఉన్నారు. రంభ రొయ్యల వేపుడు వాసన వస్తోంది. ఒక పెద్దాయన చేతులు కడుక్కున్నాడు. ఒకరు చేతులు కడిగాక ఇక పంక్తిని ఆపగల మొనగాడు మా బంధువుల్లో పుట్టలేదు.

నేను వడ్డించేవాడి గరిటె పట్టుకుని, “ఇప్పుడే కాదు, ఇంకా ప్రోగ్రాం ఉంది!” అని అరిచాను. నా ఈక సాంబారులో మునిగింది. వడ్డించేవాడు నాకు దణ్ణం పెట్టి, రెండో గరిటెతో వడ్డించాడు.

సరే, తిన్నాక వింటారులే అనుకున్నాను. తిన్నాక వదిన చేతులు తుడుచుకుని, నా నెత్తిన అక్షింతలు వేసి, “ఎల్తాను. ఎనిమిదింటి బస్సు,” అంది.

“ఇంకో అరగంట వొదినా! అసలుది ఇంకా మిగిలే ఉంది.”

“పుట్టినరోజు అయినాది. బోంచేసినాను. దీవించినాను. ఇంకేటున్నాది?”

“మీ తమ్ముడు...” అని మొదలుపెట్టాను. ఆవిడ వెనకాల నిలబడి మా ఆయన వద్దన్నట్టు తల ఊపాడు. చేతిలో పెట్టె ఉంది. దాన్ని వీపు వెనక్కి పెట్టుకున్నాడు, మార్కుల కాగితం దాచుకున్నట్టు. బట్టతల వచ్చిన మనిషి!

“నా తమ్ముడికేటైనాది?”

“ఏటీ అవలేదు అప్పా. బస్సు పోద్ది, ఎల్లు,” అన్నాడు ఈయనే.

రొయ్యల కేరేజీ ఒళ్ళో పెట్టుకుని వదిన ఆటో ఎక్కింది. ఆవిడ వెళ్ళిందని మిగతావాళ్ళూ లేచారు. నాకు ఆయన మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఒక్క మాట, ‘అప్పా, కూకో’ అని ఒక్క మాట! కోపం ఆయన మీద చూపిస్తే లాభం లేదని వంటగదిలోకి వెళ్ళి క్యాటరింగు అతని మీద చూపించాను. ముందు భోజనం ఎవరు పెట్టమన్నారని నేను, బ్యాండే తీసుకొచ్చి కూర్చోబెట్టింది కదా అని అతను. అతని మాటలో తప్పేమీ లేకపోవడంతో ఇంకా మండింది.

తిరిగి వచ్చేసరికి హాల్లో ఎవరూ లేరు. మా ఆయన కుర్చీ మీద పెట్టె తెరిచి ఉంది. అందులో వదిన పాత చీర మాత్రమే ఉంది.

అప్పుడే ఫోను మోగింది. వదిన.

“ఏమే, ఇదేటే మీ ఊరు? ఆటోవోడు పెట్రోలు కొట్టించుకొచ్చీసరికి బ్యాండోళ్ళు రోడ్డుకడ్డంగా ఎల్తన్నారు. ఆటో కదల్దు. నా బస్సు పోయీలాగున్నాది.”

ఆవిడ గొంతు వెనక హారన్లు. హారన్ల వెనక డ్రమ్ములు. డ్రమ్ముల మీద తేలుతూ ఒక క్లారినెట్టు. తువ్వాలు లేదు. ఇన్నేళ్ళ కాపురంలో నేను తువ్వాలు లేకుండా వినడం అదే మొదలు. అదీ ఫోనులో! నేను పక్క కుర్చీలో కూర్చుండిపోయాను.

“వొదినా, ముందు ఎవరున్నారు? చూడండి!”

“ఏటున్నాది సూడ్డానికి? ఈపులు. లైట్లోళ్ళు, బ్యాండోళ్ళు. పెళ్ళికొడుకు లేడు, గుర్రం లేదు. ఖాళీ ఊరేగింపు. అదే ఇసిత్రం.” ఒక్క క్షణం ఆగింది. “ఆ క్లారినెట్టోడెవుడో గానీ... బాగా వాయిస్తన్నాడే.”

నేను ఫోను చెవికి ఇంకా నొక్కుకున్నాను.

“సిన్నప్పుడు మా గోడవతల మాస్టరు ఇలగే...” అని, మళ్ళీ ఆగింది.

“వొదినా, ఆ వాయించేది మీ తమ్ముడు.”

హారను మోగింది. ఇంకొకటి మోగింది.

“నీ కోతలకి ఏలాపాలా లేదేటే? మా తాతని పడవెక్కించినావు. బాగున్నాదని ఊరుకున్నాను, నానూ నలుగురికీ సెప్పుకున్నాను. ఇప్పుడు నా తమ్ముణ్ణి నడిరోడ్డు మీద బ్యాండులో నిలబెడతావా?”

“ఒట్టు వొదినా! ఆటో దిగి నాలుగడుగులు ముందుకెళ్ళి మొహం చూడండి!”

“ఒళ్ళో రొయ్యలెట్టుకొని దిగుతానేటి? ఆఁ, పక్కకి తిరిగినారు. దారిచ్చినారు. పోనియ్ బాబూ, పోనియ్!” అది ఆటోవాడితో. ఫోను పెట్టేసింది.

నేను గౌనుతోనే రోడ్డు మీదికి పరుగెత్తాను. ఎటు వెళ్ళారో తెలియలేదు. టీ కొట్టువాడు నన్ను చూసి చెప్పులు విప్పి దణ్ణం పెట్టాడు.

ఆయన వచ్చేసరికి నేను ఒక్కదాన్నే కుర్చీలు ఒకదానిలో ఒకటి దోపుతున్నాను. కోటు భుజాన వేసుకుని, చొక్కా తడిసిపోయి, కింది పెదవి ఉబ్బి, పెళ్ళిలో కూడా చూడనంత మెరిసిపోతూ వచ్చాడు.

“మాస్టరు ఏటన్నాడంటే, ఎవుల్నీ ఎక్కడా దిగబెట్టకండా ఎలిపోతే అచ్చిరాదన్నాడు. నన్ను మీ కొట్టుదాకా దిగబెట్టండన్నాను. నడుస్తంటే ఊరుకోలేకపోనాను.” క్లారినెట్టు తుడుచుకుంటూ కూర్చున్నాడు. “అప్ప ఉండుంటే బాగుణ్ణు.”

“అప్ప విన్నది.”

చెయ్యి ఆగింది. జరిగిందంతా చెప్పాను. ఆటో, హారన్లు, వీపులు, అన్నీ. వదిన అన్న మాట కూడా చెప్పాను. ఆయన నా వైపు చూసి, జాలిపడేవాడిలా నవ్వాడు.

“నువ్వేటైనా సెప్తావు. నాకోసరం సెప్తన్నావు.”

“మీకోసం చెప్పాలంటే ఇంకా మంచిది చెప్పనా? ఆటో దిగి ఏడ్చిందని చెప్పనా? ‘క్లారినెట్టోడు’ అన్నదని ఎందుకు చెబుతాను?”

అది ఆయనకు పట్టినట్టుంది. తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టాడు. “అయితే ఏటన్నాదో అప్ప అన్నట్టే సెప్పు.”

వదిన గొంతుతోనే చెప్పాను. ఆ ఆగడం కూడా అలాగే ఆగాను. ఆయన పకపకా నవ్వాడు. “అచ్చం అప్పే! నీకు రానిది లేదే!”

గొంతు మార్చకుండా మామూలుగా చెప్పాను. మామూలుగా చెబితే మరీ అబద్ధంలా ఉంది.

“ఇంకోసారి సెప్పు,” అన్నాడు, క్లారినెట్టును ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని.

చెప్పలేదు. ఇంకోసారి చెబితే అదీ నా కోతల్లో కలిసిపోతుంది. దోపడానికి ఆయన కుర్చీ ఒక్కటే మిగిలింది. లెమ్మన్నాను.